నిచ్చెన లేని మేడ: కులం పాఠంలో పోలిక ఎక్కడిదాకా పనికొస్తుంది?

1916 మే 9న న్యూయార్క్‌లో, కొలంబియా యూనివర్సిటీ ఆంత్రోపాలజీ సెమినార్‌లో పాతికేళ్ల అంబేడ్కర్ కులాల పుట్టుక మీద ఒక పత్రం చదివారు. ఎదురుగా ఉన్నది అమెరికన్ క్లాసు. ఆయన మనుస్మృతితో మొదలుపెట్టలేదు. వాళ్లు చూసి ఉండే ఎగ్జిబిషన్లతో, పాంపే శిథిలాల దగ్గర గడగడా చరిత్ర చెప్పుకుపోయే గైడుతో మొదలుపెట్టారు. వస్తువుల్ని ప్రదర్శనకు పెట్టినట్టే మనుషులు కట్టుకున్న వ్యవస్థల్నీ ప్రదర్శనకు పెట్టొచ్చు కదా అంటూ వాళ్లను కులంలోకి తీసుకెళ్లారు. లోపలికి వెళ్లాక ఆ పోలికను పక్కన పెట్టేశారు.

తెలిసినదాన్ని చూపించి తెలియనిదాని దగ్గరకు నడిపించడం ప్రతి టీచరూ చేసే పనే. కరెంటును కుళాయి నీళ్లతో పోల్చి చెబుతారు. కులం విషయంలో చిక్కు ఏమిటంటే, క్లాసులో సగం మందికి అది తెలియదు, మిగతా సగానికి టీచరు కంటే ఎక్కువ తెలుసు. "మా ఇంట్లో ఎవరూ కులం పట్టించుకోరు మేడమ్" అనే అమ్మాయి, హాస్టల్లో ఇంటిపేరు చెప్పడానికి తటపటాయించే అబ్బాయి ఒకే బెంచీ మీద ఉంటారు. ఆమె కోసం తెచ్చిన పోలిక అతనికి గాయం కాకూడదు. మేము పరిశోధన చేస్తూ డిగ్రీ, పీజీ తరగతులకు పాఠాలు చెప్పే క్రమంలో ఒక పద్ధతికి వచ్చాం. పోలికను తీసుకొచ్చి కాసేపు నడవనివ్వాలి. అది ఎక్కడ తెగిపోతుందో విద్యార్థుల చేతే చెప్పించాలి. తెగిన చోట ఒక నిజమైన సంఘటనను పెట్టాలి. మా అనుభవంలో కులం గురించిన అసలు పాఠం ఆ తెగిన చోటే మొదలవుతోంది. ఏ పోలిక ఎక్కడ తెగుతుందో ఇక్కడ రాస్తున్నాం, స్టడీ సర్కిళ్లు నడిపే మిత్రులకూ పనికొస్తుందని.

పోలికలు మనకంటే ముందే ఉన్నాయి

క్లాసులోకి మనం పోలిక తెచ్చేసరికే అక్కడ పాత పోలికలు కూర్చుని ఉంటాయి. అన్నిటికన్నా పాతది శరీరం. ఋగ్వేదం పదో మండలంలోని పురుషసూక్తం నాలుగు వర్ణాలను విరాట్ పురుషుడి నోరు, చేతులు, తొడలు, పాదాలతో కలిపి చెప్పింది. "అన్ని అవయవాలూ కావాల్సినవే కదా, ఇందులో ఎక్కువ తక్కువ ఎక్కడుంది?" అని ఇవాళ్టికీ ఎవరో ఒకరు అడుగుతారు. 1946లో వచ్చిన 'శూద్రులెవరు?' పుస్తకంలో అంబేడ్కర్ ఈ సూక్తాన్ని వదలకుండా పరీక్షించారు. క్లాసులో మేము అడిగే ప్రశ్న చిన్నది: ఈ శరీరంలో అస్పృశ్యులు ఏ అవయవం? సమాధానం ఉండదు. నాలుగు వర్ణాల శరీరం ఐదోవాణ్ని బయట వదిలేసి గీసిన బొమ్మ.

రెండోది "ఐదు వేళ్లూ ఒకేలా ఉంటాయా?" అనే మాట. ఊళ్లో పంచాయితీ దగ్గర నుంచి టీవీ చర్చ దాకా అసమానతను సహజం చేయడానికి ఇంతకంటే చవకైన వాదన లేదు. వేళ్లు ఒకేలా ఉండవు, నిజమే. కానీ చిటికెన వేలు ఉంగరపు వేలిని తాకితే మైల పడదు. అన్నం ముద్ద కలిపేటప్పుడు ఐదూ ఒకే కంచంలో ఉంటాయి. ఈ రెండు వాక్యాలూ విద్యార్థుల నుంచే వస్తాయి, కాస్త ఓపిక పడితే చాలు.

మూడోది పూలదండ. భిన్నత్వంలో ఏకత్వం అని స్కూలు గోడల మీద రాసి ఉండేది. రంగురంగుల పూలు, ఒకే దారం. వైవిధ్యం గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా వాడేది దీన్నే, మాకు అన్నిటికన్నా అనుమానం ఉన్నదీ దీని మీదే. భాషలు, పండుగలు, వంటలు వేరువేరు అని చెప్పడానికి దండ సరిపోతుంది. కులం అలాంటి తేడా కాదు. మల్లెపువ్వు ఎర్ర మందారాన్ని కూలికి పెట్టుకోదు. కులాన్ని 'వైవిధ్యం' అనే అధ్యాయంలో చేర్చి పాఠం ముగించే సిలబస్‌లు అధికారాన్ని అలంకారంగా మారుస్తున్నాయి.

వీటికి ఎదురుగా కంచ ఐలయ్య పిల్లల కోసం రాసి, 2007లో వచ్చిన 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్' గుర్తు చేయాలి. అందులో కుండ దేనికీ ప్రతీక కాదు, కుండే. తోలు తోలే. ఎవరు చేశారు, ఎంత తెలివి కావాల్సి వచ్చింది, ఆ తెలివికి గౌరవం ఎందుకు దక్కలేదు అన్నవే అందులోని ప్రశ్నలు. కొన్నిసార్లు పోలిక కంటే వస్తువే బాగా పాఠం చెబుతుంది.

నిచ్చెనమెట్లా, మేడా?

తెలుగులో మన ఉద్యమ సాహిత్యం కులానికి స్థిరపరచిన పేరు 'నిచ్చెనమెట్ల వ్యవస్థ'. కరపత్రాల్లో, పాటల్లో, పీహెచ్‌డీ సినాప్సిస్‌లలో ఎక్కడ చూసినా అదే. పైమెట్టు, కిందిమెట్టు, ప్రతి మెట్టుకూ కింద మరో మెట్టు అని అంచెలంచెల అసమానతను ఇది ఒక్క మాటలో చెబుతుంది. అందుకే నిలిచింది. కానీ పద్దెనిమిదేళ్ల విద్యార్థి నిచ్చెన అనగానే ఏం ఊహిస్తాడు? ఎక్కడం. కష్టపడితే ఒక్కో మెట్టూ ఎక్కొచ్చు అనుకుంటాడు. మన మాటే వాళ్ల చేతికి ప్రతిభ వాదాన్ని అందిస్తుంది.

1920 జనవరి 31న వెలువడిన 'మూక్‌నాయక్' తొలి సంచికలో అంబేడ్కర్ వేరే బొమ్మ గీశారు. హిందూ సమాజం అంతస్తులున్న ఒక మేడ. ఒక్కో కులం ఒక్కో అంతస్తు. మేడకు మెట్లు లేవు. ఏ అంతస్తులో పుట్టినవాడు ఆ అంతస్తులోనే చావాలి. కిందివాడు ఎంత యోగ్యుడైనా పైకి రాలేడు, పైవాడు ఎంత అయోగ్యుడైనా కిందికి దిగడు. నిచ్చెనకూ దీనికీ ఎంత తేడా! నిచ్చెనలో దూరం ఉంది, దారి కూడా ఉంది. మేడలో దూరం మాత్రమే ఉంది.

క్లాసులో ఈ రెంటినీ బోర్డు మీద పక్కపక్కన గీయించండి. 'మీ ఊరు ఏ బొమ్మలో ఉంది?' అని అడగండి. చర్చ త్వరగా ఆస్తి దగ్గరకు వస్తుంది. "మా వాడలో ఒకాయన బ్యాంకు మేనేజరు అయ్యారు సార్, ఆయన ఎక్కినట్టే కదా?" జీతంలో ఎక్కారు. ఆయన కూతురికి సంబంధం చూసేటప్పుడు ఏ అంతస్తు తలుపు తడతారు? ఊళ్లో ఇల్లు అద్దెకు అడిగితే ఏ వీధిలో ఇస్తారు? వర్గం అనే నిచ్చెన, కులం అనే మేడ ఒకేచోట ఉండొచ్చని, ఒకటి ఎక్కినంత మాత్రాన రెండోది కదలదని విద్యార్థులకు అప్పుడు అర్థమవుతుంది. మేడ బొమ్మకూ ఒక లోటుంది. కింది అంతస్తులో ఉన్నవాళ్లు గోడలు బద్దలుకొట్టడం అందులో కనిపించదు. పదహారేళ్ల తర్వాత 'కుల నిర్మూలన'లో అంబేడ్కరే కులం ఇటుకలతో కట్టిన గోడ లాంటిది కాదని, అది మనసుల్లో ఉన్న భావన అని వాదించారు. తన పోలికను తానే దాటి వెళ్లారన్నమాట.

బస్సులో కర్చీఫ్

రిజర్వేషన్ల పాఠానికి మేము ఎక్కువగా వాడేది బస్టాండు. పండుగ రోజుల్లో బస్సు ప్లాట్‌ఫాం మీదకు రాకముందే దానివెంట పరిగెత్తి, కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడం తెలియని తెలుగు విద్యార్థి లేడు. తలుపు దగ్గర తోసుకుని ఎక్కిన ముసలమ్మ ఖాళీ సీటు దగ్గరకు పోతే "ఆపుకున్నామమ్మా" అంటారు. ఏ చట్టంలో ఉంది? ఎక్కడా లేదు. బస్సంతా ఒప్పుకుంటుంది. క్లాసు నవ్వుతుంది, ఎందుకంటే అందరూ చేసిన పనే.

అప్పుడు అడుగుతాం: ఆ కర్చీఫ్ మీ తాత వేసినదైతే? కోస్తాలో కరణం, మునసబు, తెలంగాణలో పటేల్, పట్వారీ. ఈ గ్రామాధికారాలు 1984లో రద్దయ్యేదాకా వంశపారంపర్యంగా నడిచాయి. భూమి లెక్కలు రాసే చెయ్యి తరతరాలుగా ఒకే ఇంట్లో ఉంది. అగ్రహారాలు, ఇనాములు, బడి, కచేరీ, అన్నిట్లోనూ ముందే కర్చీఫ్‌లు పడి ఉన్నాయి. ఆ సీట్లకు రిజర్వేషన్ అన్న పేరు లేదు, అంతే. 1950లో రాజ్యాంగం వచ్చి కొన్ని సీట్ల మీద నంబరు వేసేసరికి కర్చీఫ్‌లు వేసినవాళ్లకు 'క్యూ పద్ధతి' గుర్తుకొచ్చింది. ఇక్కడిదాకా పోలిక బ్రహ్మాండంగా నడుస్తుంది.

ఇక తెగే చోటు. నిలబడి ప్రయాణించేవాడు కూడా బస్సులోనే ఉన్నాడు. అతన్ని తాకితే ఎవరూ స్నానం చేయరు. ఆఖరి స్టాపులో అందరూ దిగిపోతారు, మళ్లీ ఎక్కేటప్పుడు లెక్క కొత్తగా మొదలవుతుంది. కులంలో ఈ మూడూ లేవు. ఈ మాట దగ్గర మేము పోలిక ఆపి, 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' తెరుస్తాం. 1901లో బాలుడైన అంబేడ్కర్, అన్న, అక్క కొడుకులతో కలిసి తండ్రి దగ్గరకు బయల్దేరి మసూర్ స్టేషన్లో దిగారు. మహర్లని తెలియగానే ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి కుదిరిన బేరం ఇది: కిరాయి రెట్టింపు, బండి పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడుస్తాడు. డబ్బుంది, బండి ఖాళీగా ఉంది, మంచి బట్టలు వేసుకుని ఉన్నారు. ఆ రాత్రి వాళ్ల దగ్గర అన్నం ఉంది, తాగడానికి నీళ్లు పుట్టలేదు. సీటు కొరత అనే మాట ఇక్కడ ఎక్కడ అతుకుతుంది?

మన నేల మీద చెప్పాలంటే చుండూరు ఉంది. 1991లో సినిమాహాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లో కూర్చున్న అగ్రకుల యువకుడికి తగలడం దగ్గర మొదలైన గొడవ, సాంఘిక బహిష్కరణగా మారి, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్య దాకా వెళ్లింది. టికెట్టు కొన్నవాడే, సీట్లో కూర్చున్నవాడే. దీని తర్వాత బస్సు పోలికను కొనసాగించే ధైర్యం మాకు లేదు, అవసరమూ లేదు.

'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' మొదట్లోనే అంబేడ్కర్ ఒక బోధనా సమస్యను చర్చించారు. అస్పృశ్యత మధ్య బతకని విదేశీయులకు దాని బరువు ఎలా తెలపాలి? స్థూలంగా వర్ణించొచ్చు, లేదా జరిగిన సంఘటనలు చెప్పొచ్చు. రెండోదే మేలని ఎంచుకున్నారు. పుస్తకం పేరు మాత్రం పోలికే, అది కూడా వీసా కాగితం విలువ తెలిసిన పాఠకుడి కోసం. ఆ పేరు దాటాక అంతా సంఘటనలే.

పరుగుపందెం, ఊతకర్ర, డాక్టరు

పరుగుపందెం పోలిక మనది కాదు. 1965 జూన్ 4న హోవార్డ్ యూనివర్సిటీలో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ చేసిన ప్రసంగంతో అది ప్రపంచమంతా తిరిగింది. ఏళ్ల తరబడి సంకెళ్లలో ఉన్నవాణ్ని విడిపించి, గీత దగ్గర నిలబెట్టి, ఇక అందరితో సమానంగా పరిగెత్తమంటే న్యాయమా అన్నది సారాంశం. బలమైన బొమ్మే. అయితే అందులో సంకెళ్లు గతానికి చెందినవి. కులంలో పందెం జరుగుతుండగానే కాళ్లకు అడ్డం పెడుతుంటారు: గైడును కేటాయించరు, ఫెలోషిప్ ఆపుతారు, ఇంటర్వ్యూలో ఇంటిపేరు అడుగుతారు. కంచె వెనక నుంచి మ్యాచ్ చూస్తూ పెట్టెల మీద నిలబడ్డ ముగ్గురి కార్టూన్ ఇప్పుడు ప్రతి పవర్‌పాయింట్‌లోనూ ఉంది. దానిమీద ఒక్క మాట చాలు. అందులో లోపం పొట్టివాడి ఒంట్లో ఉన్నట్టు కనిపిస్తుంది. ఎవరూ పొట్టిగా పుట్టలేదు, కొందరిని గుంటలో నిలబెట్టారు.

'ఊతకర్ర' పోలిక తెచ్చేది ఎక్కువగా రిజర్వేషన్ల వ్యతిరేకులే, కొన్నిసార్లు మనవాళ్లు కూడా. దాన్ని క్లాసులోనే ఆపేయాలి. దళిత విద్యార్థిని అవిటివాడిగా చూపే పోలిక, వికలాంగ విద్యార్థినీ అవమానిస్తుంది.

"రిజర్వేషన్‌లో సీటొచ్చిన డాక్టరు దగ్గర ఆపరేషన్ చేయించుకుంటారా?" అనేది ప్రశ్న వేషం వేసుకున్న పోలిక. ప్రవేశాన్ని అర్హతతో సమానం చేస్తుంది. సమాధానం సూటిగానే చెప్పొచ్చు: రిజర్వేషన్ గేటు దగ్గర మాత్రమే, ఫైనలియర్ పాస్ మార్కులు అందరికీ ఒకటే. తెలుగు రాష్ట్రాల ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో కన్వీనర్ కోటా పోను మిగతా సీట్లు మేనేజ్‌మెంట్, ఎన్నారై కోటాల్లో నిండుతాయి. ఆ సీట్లో చదివిన డాక్టరును ఎవరూ ర్యాంకు అడగరు. 2022 జనవరిలో నీల్ ఆరేలియో నూన్స్ కేసులో సుప్రీంకోర్టు కూడా ప్రతిభను పోటీ పరీక్ష మార్కులకు కుదించలేమని చెప్పింది.

జనరల్ బోగీ

దళిత విద్యార్థులే రెండుగా చీలి కూర్చునే పాఠం ఒకటుంది. వర్గీకరణ. 1994 జులై 7న ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా డిమాండు మీద, మూడు దశాబ్దాల తర్వాత 2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6-1 తేడాతో రాష్ట్రాలు ఉపవర్గీకరణ చేయొచ్చని తీర్పిచ్చింది. 2004 నాటి చిన్నయ్య తీర్పు దాంతో పోయింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణ 59 కులాలను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతాలుగా అమలు చేస్తోంది. ఆంధ్రప్రదేశ్ 1, 6.5, 7.5గా పంచింది.

ఆ తీర్పులో జస్టిస్ గవాయి ఒక పోలిక వాడారు. వర్గీకరణను వ్యతిరేకించేవాళ్ల వైఖరి జనరల్ బోగీలో ప్రయాణికుడిలా ఉందని, ఎక్కేదాకా తోసుకుని, ఎక్కాక బయటివాళ్లను రానివ్వకుండా అడ్డుపడతాడని. సికింద్రాబాద్, విజయవాడ స్టేషన్లు చూసినవాళ్లకు ఇది వెంటనే తగులుతుంది. వర్గీకరణ న్యాయమైన డిమాండు అన్నదే మా అభిప్రాయం. అయినా ఈ పోలికను తెచ్చినట్టు తెచ్చి క్లాసులో వదిలేయలేం. ఎదురుగా మాల విద్యార్థీ, మాదిగ విద్యార్థీ, రెల్లి విద్యార్థీ ఉంటారు. పోలిక ఒకరిని తలుపుకు అడ్డంగా నిలబెట్టి, ఒకరిని ప్లాట్‌ఫాం మీద వదిలేస్తుంది. అందుకే ఇంకో ప్రశ్న కలపాలి: ఈ రైలుకు జనరల్ బోగీలు ఎన్ని, ఏసీ బోగీలు ఎన్ని, ఆ లెక్క ఎవరు వేశారు? ప్రైవేటు రంగం అనే రైలుకు ఈ బోగీ తగిలించనే లేదు. ఎక్కలేకపోయినవాడి కోపం న్యాయమైనదే. ఆ కోపం తలుపు దగ్గరే ఆగిపోవడం వల్ల ఏసీ బోగీలకు ఏ ఇబ్బందీ రాదు. ఇది వర్గీకరణను వాయిదా వేయడానికి చెప్పే మాట కాదు. రెండు ప్రశ్నలూ ఒకే గంటలో అడగాలి.

జాతి, కులం

విదేశాల్లో చదువుతున్న తెలుగు విద్యార్థులు తోటివాళ్లకు కులాన్ని వివరించాల్సి వస్తే మొదట అందేది జాతి వివక్ష. ఈ పోలికకు గౌరవనీయమైన చరిత్ర ఉంది. 1873లో ఫూలే 'గులాంగిరి'ని బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. 1972లో దళిత్ పాంథర్స్ పేరే బ్లాక్ పాంథర్స్ నుంచి వచ్చింది. 2001 డర్బన్ సదస్సులో కులాన్ని జాతి వివక్షతో కలిపి చర్చించడాన్ని భారత ప్రభుత్వం అడ్డుకుంది. ఇది మామూలు పోలిక కాదని అదే చెబుతుంది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అలా చేసిన తొలి అమెరికా నగరం అదే.

తెగే చోటు మాత్రం స్పష్టం. రంగు కంటికి కనిపిస్తుంది, కులాన్ని అడిగి తెలుసుకుంటారు. "మీ ఇంటిపేరేంటి?", "మీది ఏ ఊరు, ఊళ్లో ఎక్కడ?", "మనోళ్లేనా?" అనే మాటల్లో ఏ అమెరికన్ ప్రొఫెసరుకూ వివక్ష వినిపించదు. రూమ్మేట్‌కు వినిపిస్తుంది. అక్కడి క్లాసులో జాతితో మొదలుపెట్టి ఈ మూడు ప్రశ్నలతో ముగిస్తే సరిపోతుంది.

క్లాసు నడిపేటప్పుడు

కొందరు టీచర్లు పోలికను ఆటగా మారుస్తారు. బాగా తిరిగిన ఆట ఒకటుంది: ముందు చెత్తబుట్ట పెట్టి, అందరినీ కూర్చున్న చోటు నుంచే కాగితం ఉండ విసరమంటారు. ముందు బెంచీవాళ్లకు ఇది కష్టమైన ఆటే అనిపించదు, ఫిర్యాదు చేసేది వెనకవాళ్లే. పది నిమిషాల పని, ఖర్చు లేదు, ఎవరి కులమూ బయటపడదు. తర్వాత 'వెనక బెంచీ ఎవరు ఎంచుకున్నారు?' అని అడిగి, బడికి గోనెపట్టా తీసుకెళ్లి దానిమీద విడిగా కూర్చున్న, ప్యూన్ లేని రోజు దాహంతో ఉండిపోయిన బాల అంబేడ్కర్ దగ్గరకు వెళ్లొచ్చు.

'ప్రివిలేజ్ వాక్' మాత్రం వద్దు. ఇంట్లో పుస్తకాల అలమారా ఉంటే ఒకడుగు ముందుకు, అమ్మ కూలికి వెళ్తే ఒకడుగు వెనక్కు. చివరికి గది వెనక గోడకు ఆనుకుని నిలబడేది ఎవరో ముందే తెలుసు. ముందున్నవాళ్లు పాఠం నేర్చుకోవడానికి వెనకున్నవాళ్లు బొమ్మలుగా నిలబడాలి. 1968లో అయోవాలోని రైస్‌విల్‌లో జేన్ ఇలియట్ అనే టీచరు కళ్ల రంగు ఆధారంగా పిల్లల్ని విడదీసి చేసిన ప్రయోగాన్ని చాలామంది ఆదర్శంగా చెబుతారు. దాని మంచిచెడ్డల మీద వాదాలు ఉన్నాయి. ఒక సంగతి మాత్రం మరవొద్దు: ఆ క్లాసులో ఉన్నవాళ్లంతా తెల్ల పిల్లలే. మన క్లాసులు అలా ఉండవు. వాక్ బదులు పేరు లేని చీటీలు రాయించండి, లేదా ఒక కల్పిత విద్యార్థికి ఊరు, వాడ, మీడియం, అమ్మానాన్నల పని ఇచ్చి, ఇంటర్ నుంచి ఉద్యోగం దాకా అతని దారి రాయమనండి. ఏ దళిత విద్యార్థినీ "నువ్వు చెప్పు, మీ దగ్గర ఎలా ఉంటుంది?" అని అడగొద్దు. తానుగా చెబితే వినాలి.

ఇంకొకటి. రెండు గ్లాసుల పద్ధతిని 'వివక్షకు ప్రతీక' అని నోట్సులో రాయిస్తుంటారు. అది ప్రతీక కాదు. ఒక టీ కొట్టు, రెండు రకాల గ్లాసులు, తాగినవాడే కడిగి పెట్టాల్సిన ఒక గ్లాసు. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం, 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. నేరాన్ని ప్రతీక అనడం అలవాటైతే విద్యార్థి దాన్ని చూసినప్పుడు ఫిర్యాదు చేయాలని తోచదు, వ్యాసం రాయాలని తోస్తుంది.

ఇంటర్నల్ పరీక్షలో మేము ఇచ్చే ప్రశ్న ఇలా ఉంటుంది: 'కులాన్ని మీకు తెలిసిన ఒక వస్తువుతోగానీ, ఆటతోగానీ, ప్రయాణంతోగానీ పోల్చండి. ఆ పోలిక పనికిరాకుండా పోయే చోటు రాయండి. అక్కడ మీరు చదివిన, లేదా రుజువున్న ఒక సంఘటనను పేర్కొనండి.' పది మార్కుల్లో మొదటి భాగానికి రెండే.